పడవకి బ్రేకులుండవు

సైకిల్‌ని పడవలో పడుకోబెట్టాం.
వెనక చక్రం గాలికి తిరుగుతోంది,
ఎవరూ తొక్కకుండానే
తన ఊరేదో తను వెళ్ళిపోతున్నట్టు.

పరిమళ నది అంటారు దీన్ని.
నాకు మాత్రం డీజిలూ, నానిన తాళ్ళూ,
హెన్ లంకలో ఉడుకుతున్న ఆల్చిప్పల ఆవిరీ.
న్యాన్ నవ్వింది.
"పూలు రాలేది పైన, కొండల్లో.
హ్యూ చేరేసరికి పేరొక్కటే మిగుల్తుంది."
మా మధ్య భాష సగం ఇంగ్లీషు, సగం చేతులు.
చేతులు తెడ్డు మీదుంటే
ఆ సగం కూడా ఆగిపోయేది.

ఆమెకి యాభై ఎనిమిది.
పుట్టింది ఇలాంటి పడవలోనే.
వంటా, కాన్పూ, అప్పుల లెక్కలూ, అత్తగారి చావూ
అన్నీ నాలుగు బారల చెక్క మీదే.
తర్వాత సర్కారు గట్టు మీద ఇల్లిచ్చింది.
నెల రోజులు నిద్రపట్టలేదట,
నేల కదలడం లేదని.
చివరికి మొగుడు
మంచంకోడు కింద కొబ్బరిచిప్ప పెట్టాడట
ఓ మూలైనా ఊగుతుందని.

దోంగ్ బా సంత వెనక రేవు.
పాచిపట్టిన గోడ మీద అడ్డగీతలు.
ఎవరో పిల్లల ఎత్తు కొలుచుకున్నారనుకున్నాను.
"వరదలు" అంది.
అన్నిటికన్నా పై గీతకి తెడ్డు అందలేదు,
వేళ్ళ మీద నిలబడి చూపించింది.
తొంభై తొమ్మిది.
ఇంకేం చెప్పలేదు.
నేనూ అడగలేదు.

కోటగోడ పక్కన సైకిల్ దింపాక
వక్క నముల్తూ, చిల్లరుందా అన్నట్టు అడిగింది:
"ఇది నేర్పుతావా?"

సైకిల్ క్వెన్ తాతది.
అద్దె రోజుకి నలభై వేలు.
ఆ వేలు విని పొద్దున గుండె ఆగింది గానీ
లెక్క కడితే మన దగ్గర ఒక పూట భోజనం.
క్యారేజీ పట్టుకుని పరిగెత్తాను.
సైకిల్ ఓ పక్కకి ఒరిగితే
ఆమె రెండో పక్కకి ఒళ్ళంతా వేసేస్తుంది,
అలని సర్దినట్టు.
తారురోడ్డుకి ఆ మర్యాదలు తెలీవు.
మూడుసార్లు పడింది.
ఒక చెప్పు ఎగిరి
అగడ్తలో తామరాకు మీద కూర్చుంది.
"నీళ్ళలో పడితే ఈదుతాం.
దీని మీంచి పడితే ఏం చేస్తారు?"
"లేస్తాం" అన్నాను, ఇంకేం తోచక.

దొర్లిపోయిన ఆమె ఆకుటోపీ తెచ్చి
దుమ్ము దులిపి ఎండకెత్తాను.
రెండు పొరల మధ్య కాగితపు అక్షరాలు,
రెండు పాదాల పద్యం.
నాకు చదవడం రాదు.
ఆమెకీ రాదట.
"మంచిదేనట. అమ్మినామె చెప్పింది."

నాలుగోసారి
నేనెప్పుడు చెయ్యి వదిలేశానో
నాకే తెలీదు.
ఇత్తడి ఫిరంగుల ముందు నుంచి,
పెళ్ళి ఫొటోలు దిగుతున్న
ఊదారంగు బట్టల జంటకి సరిగ్గా మధ్యలోంచి,
ఒంటి చెప్పుతో దూసుకుపోతోంది న్యాన్.
"బ్రేకు! బ్రేకు!" అని నేను.
"పడవకి బ్రేకులుండవు!" అని
గాలిలోంచి ఆమె.
మలుపు తిరిగింది.
అంతే.

గట్టు కింద ఆమె పడవ, నేను.
కాసేపు కాపలా కాశాను.
తర్వాత తాడు విప్పాను, ఎందుకో.
తెడ్డు వేస్తే పడవ గుండ్రంగా తిరిగింది.
రెండో వైపు వేస్తే
రెండో వైపు గుండ్రంగా తిరిగింది.
బాతులు కొన్ని దారిచ్చాయి.
ఉతుకుతున్న పిల్ల ఒకతి
చొక్కా పిండడం మానేసి చూస్తోంది.
కాలవ మీద పొద్దు ఎర్రబడింది.

పైన, వంతెన మీంచి, సైకిల్ గంట.
"మో?" అని కేక.
ఎక్కడికి అని, వాళ్ళ యాసలో.
ఒక కాలు రెయిలింగు మీద పెట్టి,
మోకాలి నుంచి నెత్తురు కారుతున్నా పట్టనట్టు,
నా ప్రదక్షిణాలు చూస్తోంది.

"ఎట్లా ఆపావు?" అని అరిచాను.

"నేనాపలేదు.
వంతెన ఎత్తుగా ఉంది."